పాఠకుల ప్రశ్నలు: అమెరికా అంతర్యుద్ధ పునఃప్రదర్శన బృందంలో పిల్లాపాపలతో చేరవచ్చునా?

పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ పరిసరాల్లో వేసవిలో జరిగే అంతర్యుద్ధ పునఃప్రదర్శనల గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత, అటువంటి బృందాల్లో కుటుంబంతో సహా చేరడం గురించి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాను. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో ఉత్తర పక్షపు ప్రభుత్వానికి, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణ రాష్ట్రాలకు మధ్య జరిగిన యుద్ధం అది; ఆనాటి దుస్తులు తొడిగి, డేరాలు వేసి, ఆ పోరులను నటించి చూపడమే పునఃప్రదర్శన.

ప్రశ్న: పోయిన జులైలో ప్రదర్శన చూసి వచ్చినప్పటి నుంచి మా అబ్బాయి (14 ఏళ్లు), అమ్మాయి (9 ఏళ్లు) ఆ బృందంలో చేరుదామని ఒకటే పట్టు పడుతున్నారు. మావారు మాత్రం వేలమంది ప్రాణాలు పోయిన యుద్ధాన్ని సెలవురోజు సరదాగా మార్చడం తగునా అంటున్నారు. ఇది పిల్లలతో వెళ్లదగినదేనా? అక్కడ మేము చేసే పని ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, హారిస్‌బర్గ్, పెన్సిల్వేనియా

జవాబు: మీవారి సంకోచాన్ని కొట్టిపారేయడానికి వీలులేదు. 1863 జులై 1 నుంచి 3 వరకు గెటిస్‌బర్గ్‌లో జరిగిన పోరులో రెండు పక్షాలూ కలిపి సుమారు 51,000 మంది మరణించారు, గాయపడ్డారు, పట్టుబడ్డారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. ఇదే సంకోచం అమెరికా జాతీయ పార్కుల సంస్థకు కూడా ఉన్నది. తన అధీనంలోని యుద్ధభూముల్లో రెండు పక్షాలు ఎదురెదురుగా నిలబడి కాల్చుకున్నట్లు, కూలిపోయినట్లు నటించడానికి ఆ సంస్థ అనుమతించదు. కవాతు, తుపాకి పేల్చే పద్ధతి, శిబిర జీవితం చూపించడం వరకే ఒప్పుకుంటుంది. అందుకే ఈ ‘పోరు’లు సాధారణంగా ప్రైవేటు పొలాల్లో జరుగుతాయి.

అయితే ప్రేక్షకులు చూసే ఆ గంటసేపటి పొగ, చప్పుడు రెండు రోజుల కార్యక్రమంలో చిన్న భాగం మాత్రమే. మిగిలినదంతా డేరాల మధ్య నడుస్తుంది. కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం, వంట, కుట్టుపని, కవాతు, ఉత్తరాలు రాయడం, దారిన పోయే సందర్శకులు అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పడం అన్నీ అందులోనివే. కుటుంబానికి తగిన బృందం అంటే ఈ రెండవ భాగాన్ని మొదటిదాని కంటే గంభీరంగా తీసుకునే బృందమని నా అభిప్రాయం. పటాలం మైదానంలోకి వెళ్లగానే శిబిరం ఖాళీ అయిపోయి, పిల్లలు ఎవరి కంటా పడకుండా తిరిగే చోట చేరవద్దు.

సిపాయి కానివారికి చూపించవలసిన కథ లేదనుకోవడం పొరపాటు. ఆనాటి గెటిస్‌బర్గ్ జనాభా సుమారు 2,400. సైన్యాలు వెళ్లిపోయిన తరువాత ఆ చిన్న ఊరికి, చుట్టుపక్కల పొలాలకు 20,000కు పైగా క్షతగాత్రులు మిగిలిపోయారు. చర్చీలు, ధాన్యపు కొట్టాలు, పడకగదులు అన్నీ ఆసుపత్రులయ్యాయి. టిల్లీ పియర్స్ అనే పదిహేనేళ్ల బాలిక సిపాయిలకు నీళ్లు అందించి, ఆ తరువాత ఒక పొలంలోని ఇంట్లో గాయపడినవారికి సాయపడింది. ఇరవయ్యేళ్ల జెన్నీ వేడ్, జులై 3 ఉదయం రొట్టెల పిండి కలుపుతూ ఉండగా, తలుపు చీల్చుకొని వచ్చిన గుండు తగిలి చనిపోయింది. ఆ పోరులో నేరుగా ప్రాణం కోల్పోయిన పౌరురాలు ఆమె ఒక్కతే. ఊళ్లోని నల్లజాతి కుటుంబాలలో అనేకులు దక్షిణ సైన్యం రాకముందే ఇళ్లు వదిలి పారిపోయారు, ఎందుకంటే దొరికిన నల్లవారిని, బానిసలు కాని స్వతంత్రులను సైతం, ఆ సైన్యం పట్టి దక్షిణాదికి తరలించింది. ఈ సంగతులు చెప్పే శిబిరంలో కూర్చున్న పిల్లలు యుద్ధాన్ని సరదాగా భావించరని మీవారితో చెప్పండి.

ఇక పనుల విషయం. మీ అబ్బాయికి తుపాకి ఇవ్వరు. చాలా బృందాల్లో దానికి కనీస వయసు 16 ఏళ్లు. అతనికి తగిన పని డ్రమ్ము. ఆ రోజుల్లో మేలుకొలుపు, హాజరు, ప్రమాద సూచన, రాత్రి విశ్రాంతి అన్నీ డ్రమ్ము దరువుల మీదనే నడిచేవి, కాబట్టి ఒక్కొక్క దరువును తప్పులేకుండా నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. మిషిగన్ 22వ పటాలంతో తిరిగిన జానీ క్లెమ్ 1863లో అదే యుద్ధంలోని చికమాగా పోరు నాటికి పన్నెండేళ్లవాడు. అతడు పెద్దయ్యాక మళ్లీ సైన్యంలో చేరి 1915లో పదవీ విరమణ చేశాడు. పిల్లలను యుద్ధంలోకి పంపడం సమంజసమా అన్న చర్చ మీ ఇంట్లో ఇక్కడి నుంచే మొదలుకావచ్చు, మొదలుకానివ్వండి. మీ అమ్మాయి తల్లితో పాటు పౌరుల డేరాలో ఉండి గాయాలకు కట్టే పట్టీలు చుట్టడం, కర్రతో చక్రం దొర్లించే ఆట, గోళీలు, ఊలు అల్లిక నేర్చుకుంటుంది. డ్రమ్మే కావాలని ఆమె కూడా పట్టుబడితే కాదనే బృందాలు ఇప్పుడు తక్కువే. మగవేషంలో పోరాడిన స్త్రీలు ఆనాడు వందల్లో ఉన్నారు. ఫ్రాంక్ థామ్సన్ పేరుతో మిషిగన్ 2వ పటాలంలో పనిచేసిన సారా ఎడ్మండ్స్ ఆ తరువాత పింఛను కూడా సాధించుకుంది. 1989లో ఆంటీటం యుద్ధభూమిలో సిపాయి వేషం వేసిన ఒక మహిళను అధికారులు బయటకు పంపితే ఆమె కోర్టుకు వెళ్లి 1993లో గెలిచింది.

చేరే ముందు ఒక వారాంతం సందర్శకులుగా వెళ్లండి. పెద్దలు మైదానంలో ఉన్నప్పుడు పిల్లల బాధ్యత ఎవరిదో, జనం వెళ్లిపోయాక రాత్రి మద్యం విషయంలో నియమమేమిటో నేరుగా అడగండి. మంచి బృందం ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు.

ప్రశ్న: మా ఊరికి దగ్గరలో ఉన్నది దక్షిణ పక్షపు పటాలాన్ని ప్రదర్శించే బృందం. మనుషులు మర్యాదస్తులే, రమ్మని పిలిచారు కూడా. మన రంగువాళ్లు ఆ కాలపు కోటు తొడిగితే వింతగా ఉండదా? ఆ పక్షం వేషం వేయడం తప్పా?
– ఒక పాఠకుడు, క్యారీ, నార్త్ కరోలినా

జవాబు: మొదటి ప్రశ్నకు చరిత్రే సమాధానం చెబుతుంది. చైనాలో పుట్టిన జోసెఫ్ పియర్స్ కనెక్టికట్ 14వ పటాలంలో చేరి గెటిస్‌బర్గ్‌లో పోరాడాడు. షాంఘైలో పుట్టిన ఎడ్వర్డ్ డే కొహోటా మసాచుసెట్స్ 23వ పటాలంలో ఉన్నాడు. ఉత్తర సైన్యపు నల్లజాతి పటాలాల్లో సుమారు 1,79,000 మంది పనిచేశారు. మీ రాష్ట్రంలోనే, న్యూబర్న్‌లో 1863లో విముక్తులైన బానిసలతో ఒక పటాలం ఏర్పడింది. కాబట్టి మీ రంగు చూసి ఎవరైనా ముఖం చిట్లిస్తే, చరిత్ర తెలియనిది వారికే. ఇప్పటి బృందాలు కూడా నలభై దాటినవారిని, బొజ్జ ఉన్నవారిని ఇరవయ్యేళ్ల సిపాయిలుగా నిలబెడుతున్నాయి. దానితో పోలిస్తే మీ ఒంటి రంగు పెద్ద అతిక్రమణ కాదు.

రెండవ ప్రశ్న కఠినమైనది. సయాం (నేటి థాయిలాండ్)లో దేహాలు అతుక్కొని పుట్టి, మీ రాష్ట్రంలోనే స్థిరపడిన ‘సయామీ కవలలు’ చాంగ్, ఎంగ్ బంకర్ల కుమారులు క్రిస్టఫర్, స్టీఫెన్ దక్షిణ పక్షపు అశ్వదళంలో పోరాడారు. ఆ ఆసియా కుటుంబం బానిసలను ఉంచుకున్న కుటుంబమే. అంటే మన రంగు మనల్ని ఏ పక్షం నుంచీ దానంతట అదే కాపాడదు. దక్షిణ పక్షం లేకుండా పోరును చూపించలేము గనుక ఎవరో ఒకరు ఆ కోటు తొడగవలసిందే. ప్రేక్షకుల ముందు బలాలు సరిపోనప్పుడు ఉత్తరాది నీలం కోటు విప్పి దక్షిణాది బూడిద రంగు కోటు వేసుకునేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. వేషం వేయడం తప్పు కాదని నేను అనుకుంటున్నాను, ఆ వేషంలో అబద్ధం చెప్పడం తప్పు. 1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలు ఉన్నారు. మిసిసిపీ రాష్ట్రం విడిపోతూ వెలువరించిన ప్రకటనలో బానిసత్వాన్నే కారణంగా చెప్పుకుంది; దక్షిణ ప్రభుత్వపు ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానా నగరంలో చేసిన ప్రసంగంలో తమ కొత్త ప్రభుత్వానికి అదే పునాది అని దాచుకోకుండా చెప్పాడు.

మీరు చేయవలసిన పరీక్ష చిన్నది. ఆ శిబిరానికి వెళ్లి, ఒక పదేళ్ల పిల్లవాడు ‘ఈ యుద్ధం ఎందుకు జరిగింది’ అని అడిగినప్పుడు వారు ఏం చెబుతున్నారో పక్కన నిలబడి వినండి. ‘రాష్ట్రాల హక్కుల కోసం’ అని మొదలుపెట్టి, బానిసత్వం మాట ఎత్తకుండా అక్కడే ఆపేస్తే, వాళ్లు ఎంత మర్యాదస్తులైనా, మీరు కాస్త దూరం ప్రయాణం చేసి వేరే బృందాన్ని వెతుక్కోవడం మంచిది. మీ పిల్లలు ఆ సమాధానాన్నే వల్లె వేయవలసి వస్తుంది కదా.

ప్రశ్న: నేను హెచ్-1బీ వీసా మీద ఉన్నాను. ఈ పాతకాలపు తుపాకి పట్టుకుంటే చిక్కులు వస్తాయా? అసలు అవి ఎంతవరకు ప్రమాదకరం?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఇది చాలామంది అడగకుండా వదిలేసే ప్రశ్న. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, నిషేధిస్తుంది. సొంతానికి కొనకపోయినా చేతిలో ఉంచుకోవడం కూడా అందులోకి వస్తుంది. అయితే 1898లో గాని అంతకుముందు గాని తయారైన తుపాకులను, మూతి వైపు నుంచి నల్ల తుపాకిమందు దట్టించి పేల్చే వాటి నకళ్లను అదే చట్టం పురాతన ఆయుధాలుగా పరిగణించి తుపాకి నిర్వచనం నుంచి తప్పించింది. ఇంతవరకు బాగానే ఉన్నది గాని, రాష్ట్రాల చట్టాలు వేరు. మీ న్యూజెర్సీ ఈ విషయంలో కఠినమైన రాష్ట్రం. బృందంలోని మిత్రుడు ‘ఏమీ కాదులే’ అన్న మాట మీద ఆధారపడకుండా, ముందుగా వలస చట్టాలు, ఆయుధాల చట్టాలు తెలిసిన న్యాయవాదిని రాతపూర్వకంగా అడగండి. గ్రీన్‌కార్డు వచ్చేదాకా జెండా మోసేవాడుగానో, ఆసుపత్రి సహాయకుడుగానో, వార్తాపత్రికల విలేకరిగానో ఉండడం అన్నిటికంటే సులువు. ఈ చివరి వేషానికి మంచి చేతిరాత, నోటుపుస్తకం చాలు.

ప్రమాదం సంగతికి వస్తే, 1861 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకి బరువు దాదాపు నాలుగు కిలోలు. ప్రదర్శనల్లో కాగితపు తూటాలో సుమారు నాలుగు గ్రాముల మందు మాత్రమే ఉంటుంది, గుండు ఉండదు. గుండు లేనంత మాత్రాన అది బొమ్మ కాదు; దగ్గరలో ఉన్నవారిని నిప్పు, కాలని మందు రేణువులు గాయపరుస్తాయి. అందుకే ఎదుటివారు దగ్గరపడితే గొట్టాన్ని పైకెత్తి కాల్చాలని, మందు దట్టించే ఉక్కు కడ్డీని మైదానంలో బయటకు తీయరాదని, ఎదురెదురు పోరులో బాయొనెట్ (తుపాకి మొనకు బిగించే కత్తి) తగిలించరాదని చాలా కార్యక్రమాల్లో నియమాలు ఉంటాయి. కడ్డీ గొట్టంలో మరచిపోతే అదే బాణమై దూసుకుపోతుంది.

పోరుకు ముందు జరిగే తనిఖీని ఒకసారి దగ్గర నుంచి చూడండి. పటాలం రెండు వరుసల్లో నిలబడుతుంది. ప్రతివాడూ కడ్డీని తన గొట్టంలోకి జారవిడుస్తాడు. అడుగున ఇనుమును తాకి ‘ఖంగు’మని మోగితే గొట్టం ఖాళీగా, శుభ్రంగా ఉన్నట్లు, మెత్తగా ‘దబ్’మంటే అడుగున మందో మసో పేరుకొన్నట్లు, ఆ తుపాకి పక్కకు వెళ్లవలసిందే. ఆ తరువాత మందు లేకుండా, నిప్పు పుట్టించే చిన్న పేలుడు టోపీ (క్యాప్) ఒక్కటే పెట్టి, మూతిని గడ్డి పరకల దగ్గరకు వంచి పేలుస్తారు. పరకలు కదిలితే దారి తెరిచి ఉన్నదని అర్థం. అధికారి ఒక్కొక్కరి దగ్గరా ఆగకుండా వరుసను చుట్టేస్తూ పోయే బృందంలో మీరు ఉండనక్కరలేదు. ఇంత చెప్పినా, నేను చూసినంతలో శిబిర వైద్యుడికి ఎక్కువ పని కల్పించేది తుపాకి కాదు, జులై ఎండలో ఊలు కోటు. మంచినీళ్ల సీసా నింపుకోవడం మరచినవాడే ముందుగా కూలబడతాడు, నటన లేకుండానే.

ప్రశ్న: మాది శాకాహార కుటుంబం. పందిమాంసం, గొడ్డుమాంసం వండే శిబిరంలో రెండు రోజులు ఎలా గడపాలి?
– ఒక పాఠకురాలు, కొలంబస్, ఒహాయో

జవాబు: మీరు అనుకున్నంత కష్టం లేదు. ఉత్తర సైన్యపు నిబంధనల ప్రకారం ప్రతి నూరు రేషన్లకు మాంసంతో పాటు 15 పౌండ్ల చిక్కుడు గింజలు లేదా బటానీలు, 10 పౌండ్ల బియ్యం, కాఫీ, చక్కెర, ఉప్పు, నాలుగు ఔన్సుల మిరియాలు ఇచ్చేవారు. బియ్యం, గింజలు, మిరియాలు చేతిలో ఉంటే తెలుగు ఇల్లాలికి ఇక చెప్పవలసినది ఏమున్నది? విడి కుంపటి, విడి ఇనప గిన్నె మీవే తెచ్చుకోండి. బృందాలు దీనిని ఆనందంగా ఒప్పుకుంటాయి. కుక్కరు, స్టీలు డబ్బా, ప్లాస్టిక్ సీసా మాత్రం సందర్శకుల కంట పడరాదు. మంచుపెట్టెను చెక్కపెట్టెలో దాచి పైన దుప్పటి కప్పడం అందరూ చేసే పనే.

పిల్లల చేత సిపాయిల గట్టి బిస్కెట్టు చేయించండి. మైదాపిండి, నీళ్లు, చిటికెడు ఉప్పు తప్ప అందులో ఏమీ ఉండదు. నూనె, నెయ్యి తగలకూడదు. పిండిని గట్టిగా పిసికి, అర అంగుళం మందంలో ఒత్తి, మూడంగుళాల చదరాలుగా కోసి, మేకుతో నాలుగేసి వరుసల్లో చిల్లులు పొడిచి, ఓవెన్‌లో రెండు వైపులా బాగా ఎండేదాకా కాల్చాలి. మరునాటికి అది పలకలా తయారవుతుంది. సిపాయిలు దానిని తుపాకి మడమతో పగలగొట్టి, కాఫీలో నానబెట్టి తినేవారు. కాఫీలో వేస్తే పైకి తేలే పురుగులను చెంచాతో తీసి పారేసేవారు. ఇది విన్న పిల్లలు ఆ పూట అన్నం వద్దనరు.

ప్రశ్న: వర్జీనియాలో ఉన్న మా అమ్మాయి, అల్లుడు, మనవలు ఈ బృందంలో చేరారట. వచ్చే వేసవిలో నన్నూ రమ్మంటున్నారు. ఆ దేశపు యుద్ధంతో మనకేమి సంబంధం? నేను చీరతో వెళ్లవచ్చునా?
– ఒక పెద్దమ్మగారు, కాకినాడ

జవాబు: అమ్మా, సంబంధం మీ ఊళ్లోనే ఉన్నది. ఆనాటి ఇంగ్లండు మిల్లులకు కావలసిన పత్తిలో ముప్పాతిక వంతు అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి, బానిసల చేతుల మీదుగా వచ్చేది. 1861 ఏప్రిల్‌లో ఉత్తర ప్రభుత్వం దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో ఆ పత్తి ఆగిపోయి, వర్తకులు భారతదేశం వైపు చూశారు. పత్తి ధరలు పెరిగాయి. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి కాకినాడ రేవు నుంచి ఎగుమతయింది, రేవు వ్యాపారం ఊపందుకున్నది. ‘కోకనాడ’ అన్న మాట ఒక రకం పత్తికి వ్యాపార నామంగా నిలిచింది కూడా. 1865లో యుద్ధం ముగిసి ధరలు పడిపోయినప్పుడు, పెరిగిన ధరలను నమ్ముకున్న రైతులు దెబ్బతిన్నారు. మీ మనవలు ఈ సంగతిని శిబిరంలో సందర్శకులకు చెబితే, ఆ శిబిరంలో మరెవరూ చెప్పలేని కథ అవుతుంది.

చీరతో నిరభ్యంతరంగా వెళ్లండి, కాని ప్రేక్షకుల వైపు. ప్రదర్శన వేళల్లో డేరాల లోపల ఉండేవారు ఆ కాలపు దుస్తుల్లోనే ఉండాలని చాలా బృందాల నియమం. లోపలే ఉండాలనుకుంటే మీ అమ్మాయి అరువు గౌను ఇప్పిస్తుంది. దానిమీద మామిడిపిందెల అంచు ఉన్న మీ ఊలు శాలువా కప్పుకోండి. కశ్మీరు శాలువాలను చూసి స్కాట్లండులోని పేస్లీ పట్టణంలో నేసిన అటువంటి శాలువాలు 1860లలో అమెరికా స్త్రీలకు ఎంతో ఇష్టమైనవి, కాబట్టి ఎంత పట్టింపు ఉన్న నిర్వాహకుడైనా వేలెత్తి చూపలేడు. ఫిరంగులు పేలేటప్పుడు మాత్రం చెవులకు రక్షణ తప్పనిసరి. రక్తపోటు మాత్రలు, నీళ్లు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మొత్తం ఖర్చు ఎంత అవుతుంది? ఎప్పుడు చేరడం మంచిది?
– ఒక పాఠకుడు, రిచ్‌మండ్, వర్జీనియా

జవాబు: ఇటలీలో తయారయ్యే తుపాకి నకలు ఒక్కటే వెయ్యి డాలర్లకు అటూఇటూ ఉంటుంది; కోటు, పంట్లాము, టోపీ, తోలు బూట్లు, తోలు సంచులు కలిపితే ఒక సిపాయి వేషం 1,500 డాలర్లు దాటుతుంది. అయినా మొదటి ఏడాది ఏమీ కొనవద్దు. కుటుంబాలను చేర్చుకునే బృందాల దగ్గర కొత్తవారికి అరువిచ్చే కోట్లు, తుపాకులు ఉంటాయి. ఉత్సాహంగా శిబిరం పక్కన దుకాణాల డేరాల్లో మొదటిరోజే కొన్నవి చాలాసార్లు కుట్టో గుడ్డో ఆ కాలానికి సరిపోక మూలపడతాయి. బృందంలోని పాతవారిని అడిగిన తరువాతే డబ్బు తీయండి. పిల్లలకు అసలే కొనవద్దు, పెద్దవారి పిల్లలు వదిలిన కోట్లు చేతులు మారుతూనే ఉంటాయి.

చేరడానికి చలికాలం మంచిది. ప్రదర్శనలు తక్కువగా ఉండే ఆ నెలల్లో కవాతు, తుపాకి శుభ్రం చేయడం, కుట్టుపని నేర్పుతారు. ఏప్రిల్, మే నెలల చిన్న కార్యక్రమాల్లో అలవాటు పడితే జులై నాటికి సిద్ధమవుతారు. ముందుగా కొనదగినవి బూట్లు ఒక్కటే. వాటిని నెలరోజుల ముందే తెచ్చి ఇంట్లో, వాకిట్లో తొడుక్కొని తిరగండి. కొత్త తోలుతో నేరుగా కవాతుకు వెళ్లినవారు రెండవ రోజు డేరాలోనే కూర్చుంటారు.